పనికొక ప్రాసెసర్: ఎంబెడెడ్ వ్యవస్థల్లో ఒక పాత ఆలోచన చరిత్ర

5.1 పరిచయం

ఎంబెడెడ్ వ్యవస్థలంటే ఏమిటో గత యూనిట్‌లో తెలుసుకున్నాం. వాషింగ్ మెషీన్, కారు ఇంజిన్, సెల్‌ఫోన్, విమానం వంటి వాటి లోపల ఉండి, బయటికి కంప్యూటర్‌గా కనిపించకుండా పనిచేసే కంప్యూటర్లే అవి. ఈ యూనిట్‌లో వాటి చరిత్రకు సంబంధించిన ఒకే ఒక అంశాన్ని పరిశీలిద్దాం.

నేటి ప్రాసెసర్లలో రెండు, నాలుగు, ఎనిమిది కోర్‌లు ఉంటున్నాయి. వాటిలో ఒకదాన్ని మిగతా పనులన్నింటి నుంచి తప్పించి, ఆలస్యాన్ని ఏమాత్రం సహించని ఒకే పనికి అప్పగించడం ఇప్పుడు సాధారణమైంది. అలా అప్పగించిన కోర్ చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న కోర్‌ను ఖాళీగా ఎందుకు ఉంచాలి? ఈ ప్రశ్న బహుళ కోర్‌లతో పుట్టింది కాదు. 1950ల నుంచీ ఉంది. దానికి ఇచ్చిన జవాబే హార్డ్‌వేర్ ధరను బట్టి మారుతూ వచ్చింది.

రైల్వే లెవల్ క్రాసింగ్ దగ్గర ఉండే గేట్‌మాన్‌ను గుర్తు తెచ్చుకోండి. రోజుకు పది రైళ్లు వచ్చే చోట అతడు గేటు వేసి, తీసే సమయమంతా కలిపితే ఏ రెండు గంటలో అవుతుంది. మిగతా సమయంలో పక్కనున్న స్టేషన్‌లో టికెట్లు కూడా అమ్మిస్తే ఒక జీతం మిగులుతుంది కదా అని ఎవరైనా అనవచ్చు. అతడు చిల్లర లెక్కపెడుతున్న సమయంలోనే రైలు వస్తే? ఖాళీగా కూర్చోవడం అతడి ఉద్యోగంలో ఒక భాగం. రైల్వేకు ఈ సంగతి తెలుసు కాబట్టే జీతమిచ్చి కూర్చోబెడుతుంది. కంప్యూటర్ల రూపకర్తలు మాత్రం దీన్ని ఒకసారి తెలుసుకుని, మరిచిపోయి, మళ్లీ తెలుసుకున్నారు.

ముందుకు వెళ్లే ముందు రెండు మాటలు స్పష్టం చేసుకోవాలి. ఒక సంఘటన జరిగినప్పటి నుంచి దానికి కంప్యూటర్ స్పందించే వరకు పట్టే సమయం లేటెన్సీ. ఆ సమయం ఒకసారి తక్కువగా, మరోసారి ఎక్కువగా ఉండటం జిట్టర్. ఎంబెడెడ్ వ్యవస్థలో సగటు లేటెన్సీ ఎంత అన్నది పెద్దగా అక్కరకు రాదు. అది ఎంత దాకా పెరగగలదు అన్నదే ముఖ్యం. వెయ్యిసార్లు సమయానికి గేటు వేసి ఒక్కసారి వేయని గేట్‌మాన్‌ను సగటు లెక్కతో సమర్థించలేం కదా.

5.2 ఇంటరప్ట్: పంచుకోవడం మొదలైన తీరు

తొలి కంప్యూటర్లలో ప్రాసెసరే అన్నీ చేసేది. ఐబీఎం 704లో టేపు నుంచి సమాచారం చదవాలంటే, ఒక్కో పదం వచ్చినప్పుడల్లా దాన్ని అందుకునే ఆదేశాన్ని ప్రోగ్రామర్ సరిగ్గా సమయానికి అమలయ్యేలా రాయాలి. టేపు ఆగదు, ఆదేశం ఆలస్యమైతే పదం పోతుంది. రెండు పదాల మధ్య దొరికే కాసింత వ్యవధిలో వేరే లెక్క చేయాలంటే ఆ లెక్కకు ఎన్ని మైక్రోసెకన్లు పడుతుందో ముందే కట్టుకోవాలి.

దీనికి రెండు పరిష్కారాలు దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. మొదటిది ఇంటరప్ట్, అంటే అంతరాయం. ప్రాసెసర్ తన లెక్క తాను చేసుకుంటూ ఉంటుంది. బయటి పరికరానికి అవసరం వచ్చినప్పుడు సంకేతం పంపుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, ఆ పరికరం సంగతి చూసి, తిరిగి పాత పనికి వస్తుంది. 1950ల మధ్యలో అమెరికాలో విమానాల నమూనాలను గాలి సొరంగాల్లో పరీక్షించే నాకా సంస్థ యూనివాక్ 1103ఏ యంత్రాన్ని ఇలాగే వాడుకుంది. సొరంగం నుంచి కొలతలు ఎప్పుడు వస్తాయో తెలియదు. వచ్చినప్పుడు అందుకోవాలి, రానప్పుడు ఖరీదైన యంత్రం ఊరికే ఉండకూడదు. ఆ రోజుల్లో ఒక కంప్యూటర్ ధరకు ఒక భవనం కట్టవచ్చు కాబట్టి, యంత్రాన్ని ఖాళీగా ఉంచడమనే మాటకే తావు లేదు.

ఈ పరిష్కారం అందరికీ నచ్చలేదు. నెదర్లాండ్స్‌లో ఎలక్ట్రోలాజికా సంస్థ ఎక్స్1 అనే కంప్యూటర్‌ను తయారు చేస్తున్నప్పుడు, దాని ప్రాథమిక ప్రోగ్రాములు రాయవలసిన ఎడ్స్‌కర్ డైక్‌స్ట్రాకు సహచరులు లూప్‌స్ట్రా, స్కోల్టెన్ ఇంటరప్ట్ ఆలోచన చెప్పారు. ఆయన భయపడ్డారు. అంతవరకు ఒకే ప్రోగ్రామును ఒకే సమాచారంతో పదిసార్లు నడిపితే పదిసార్లూ ఒకే దారిలో నడిచేది. ఇంటరప్ట్ వస్తే యంత్రం ఏ ఆదేశం దగ్గర ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకసారి కనబడిన తప్పు మళ్లీ కనబడకపోవచ్చు. కొన్ని నెలలు అభ్యంతరం చెప్పి చివరికి ఒప్పుకున్నారు. ఆ పని మీదే 1959లో ఆయన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం వచ్చింది. డైక్‌స్ట్రా భయం అర్థం లేనిది కాదు. ఈ యూనిట్‌లో మిగిలిన చరిత్రలో చాలా భాగం ఆ భయానికి వెతికిన జవాబులే.

5.3 రెండో దారి: వేరే ప్రాసెసర్‌కు అప్పగించడం

రెండో పరిష్కారం 1958లో ఐబీఎం 709తో వచ్చింది. టేపుల నుంచి మెమరీకి సమాచారం చేరవేసే పనిని ప్రధాన ప్రాసెసర్ నుంచి తీసి చానెల్ అనే వేరే పరికరానికి ఇచ్చారు. చానెల్ తన చిన్న ఆదేశాల జాబితాను తానే అమలు చేసుకుంటుంది. ఒక రకంగా అది కూడా ప్రాసెసరే. చేయగలిగింది మాత్రం ఒకే రకం పని.

ఈ ఆలోచనను చివరంటా తీసుకెళ్లింది 1964 నాటి సీడీసీ 6600. సేమూర్ క్రే, జేమ్స్ థార్న్‌టన్ రూపొందించిన ఆ యంత్రం అప్పటికి ప్రపంచంలోకెల్లా వేగవంతమైన కంప్యూటర్. దాని ప్రధాన ప్రాసెసర్ బయటి ప్రపంచంతో మాట్లాడనే మాట్లాడదు. దానికి లెక్కలు చేయడం ఒక్కటే పని. చుట్టూ పది చిన్న పెరిఫెరల్ ప్రాసెసర్లు ఉంటాయి. ఒక్కొక్క దానికి 12 బిట్ల పదాలు 4096 పట్టే సొంత మెమరీ ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా చాలా వరకు వీటిలోనే నడిచేది. పదింటిలో ఒకటి వ్యవస్థ మొత్తాన్ని కనిపెట్టుకుని ఉండే మానిటర్ పనికి శాశ్వతంగా కేటాయింపు. మరొకటి ఆపరేటర్ ముందున్న రెండు గుండ్రని తెరల మీద అక్షరాలను క్షణం ఆపకుండా తిరిగి తిరిగి గీయడానికి శాశ్వతంగా కేటాయింపు. గీయడం ఆగితే తెర మీది అక్షరాలు మాయమవుతాయి. నేడు మనం ‘కోర్‌ను కేటాయించడం’ అంటున్నది అక్షరాలా ఇదే.

ఇక్కడ విద్యార్థులు జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ పది ప్రాసెసర్లకు మెమరీలు, రిజిస్టర్లు వేరు వేరుగా ఉన్నా, కూడిక, తీసివేత చేసే సర్క్యూటు అన్నింటికీ కలిపి ఒక్కటే. పది ప్రాసెసర్ల రిజిస్టర్లు గిలకలా తిరుగుతూ, ఒక్కొక్కటీ 100 నానోసెకన్ల పాటు ఆ సర్క్యూటు ముందుకు వస్తాయి. అంటే ప్రతి ప్రాసెసర్‌కు సరిగ్గా 1 మైక్రోసెకనుకు ఒకసారి వంతు వస్తుంది. మిగతా తొమ్మిదీ ఎంత పనిలో ఉన్నా, ఏ పనీ లేకున్నా ఆ వంతు ముందుకూ జరగదు, వెనక్కూ జరగదు. హార్డ్‌వేర్ పంచుకున్నారు, సమయాన్ని మాత్రం పంచుకోలేదు. ‘ప్రత్యేక ప్రాసెసర్’ అన్న మాటకు అసలు అర్థం విడి చిప్ కాదు, ఇతరులు ఏం చేసినా చెదరని వంతు. నా దృష్టిలో ఈ యూనిట్ మొత్తంలో మీరు మరచిపోకూడని సంగతి ఇదే.

1968లో మైయర్, ఐవాన్ సదర్లాండ్ బొమ్మలు గీసే ప్రాసెసర్ల రూపకల్పన గురించి ఒక వ్యాసం రాశారు. ప్రధాన ప్రాసెసర్ భారం తగ్గించడానికి చిన్న సహాయక ప్రాసెసర్ పెడతాం. దానికి ఒక్కొక్క సౌకర్యమే చేరుస్తూ పోతే అదే పూర్తి కంప్యూటర్ అవుతుంది. అప్పుడు దాని భారం తగ్గించడానికి మరో సహాయకుడు కావాలి. ఈ తిరుగుడుకు వారు పునర్జన్మ చక్రం అని పేరు పెట్టారు. మనకు బాగా పరిచయమైన మాటే కాబట్టి వేరే వివరణ అక్కర్లేదు.

5.4 ఒక్క ప్రాసెసర్‌తో చంద్రుడి మీదికి

అంతరిక్ష నౌకలో పది ప్రాసెసర్లు పెట్టే వీలు లేదు. బరువు, విద్యుత్తు రెండూ కొలిచి వాడాలి. అపోలో నౌకలోని గైడెన్స్ కంప్యూటర్‌కు ఒక్కటే ప్రాసెసర్. నౌకను నడిపే పని, తెర మీద అంకెలు చూపే పని, ఇంజిన్‌ను సరిచూసే పని అన్నీ దాని మీదే. ఏది ముందు, ఏది తర్వాత అన్నది హాల్ లానింగ్ రూపొందించిన ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రాము ప్రాధాన్యతలను బట్టి నిర్ణయించేది.

1969 జులై 20న అపోలో 11 చంద్రుడి మీద దిగుతుండగా 1202, 1201 అనే అలారాలు మోగాయి. దిగడానికి అవసరం లేని ఒక రాడార్ ఆన్‌లో ఉంది. విద్యుత్ సరఫరాల మధ్య దశ తేడా వల్ల, ఆ రాడార్ యాంటెన్నా కోణం నిరంతరం మారుతున్నట్టు కంప్యూటర్‌కు సంకేతాలు వచ్చాయి. అలాంటి ప్రతి సంకేతానికీ ఒక కౌంటర్‌ను పెంచడానికో తగ్గించడానికో ప్రాసెసర్ ఒక మెమరీ చక్రాన్ని, అంటే దాదాపు 11.7 మైక్రోసెకన్లను వదులుకోవాలి. రెండు కౌంటర్లు, ఒక్కొక్క దానికి సెకనుకు 6400 వరకు సంకేతాలు. లెక్క మీరే కట్టి చూడండి: సెకనులో సుమారు 150 మిల్లీసెకన్లు, అంటే 15 శాతం సమయం ఏ ప్రయోజనమూ లేకుండా పోతుంది. దిగే ప్రోగ్రాములకు అంత మిగులు లేదు. ఒక పని పూర్తికాకముందే దాని తర్వాతి వంతు మొదలవడంతో పనులు పేరుకుపోయి, వాటిని ఉంచడానికి మెమరీలో చోటు చాలలేదు. అప్పుడు ఎగ్జిక్యూటివ్ వ్యవస్థను తిరిగి ప్రారంభించి, ముఖ్యమైన పనులను నిలబెట్టి, మిగిలినవి వదిలేసింది. నౌక క్షేమంగా దిగింది.

ఈ ఉదంతాన్ని సాధారణంగా ప్రాధాన్యత పద్ధతి సాధించిన విజయంగా చెబుతారు. అది నిజమే. కానీ మన అంశం వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ప్రాధాన్యతల జాబితాలో లేనే లేని ఒక పరికరం, జాబితాలో అన్నింటికంటే పైనున్న పని సమయాన్ని కూడా తినేసింది. ప్రోగ్రాముల మధ్య ప్రాధాన్యతలు ఎంత జాగ్రత్తగా నిర్ణయించినా, వాటికి అడుగున హార్డ్‌వేర్‌లో పంచుకుంటున్నది ఏదైనా ఉంటే అక్కడి నుంచి చిక్కు రావచ్చు. ఈ మాట చివరి విభాగంలో మళ్లీ అవసరమవుతుంది.

5.5 సిద్ధాంతం ఏం చెప్పింది?

1973లో లియు, లేలండ్ ఒకే ప్రాసెసర్ మీద గడువులున్న పనులను నడపడం గురించి ప్రసిద్ధమైన ఫలితాన్ని ప్రచురించారు. తరచుగా వచ్చే పనికి ఎక్కువ ప్రాధాన్యత ఇస్తే, పనుల సంఖ్య ఎంతైనా, ప్రాసెసర్ మీది మొత్తం భారం దాదాపు 69 శాతం దాటనంత వరకు ఏ గడువూ తప్పదు. ఇది ఇంజినీర్లకు ధైర్యమిచ్చింది. ఇక ప్రాసెసర్లు రెండైతే ఇంకా సులభమవుతుంది కదా అనిపిస్తుంది. 1978లో ఢాల్, లియు అది నిజం కాదని చూపారు.

ఆలోచించండి: రెండు ప్రాసెసర్లు, మూడు పనులు ఉన్నాయనుకోండి. రెండు చిన్న పనులు ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తాయి. ఒక్కొక్క దానికి 2 మిల్లీసెకన్లు చాలు. పెద్ద పని ప్రతి 11 మిల్లీసెకన్లకు వస్తుంది. దానికి 10 మిల్లీసెకన్లు కావాలి. మూడూ ఒకేసారి మొదలైతే, ‘ఖాళీగా ఉన్న ప్రాసెసర్‌ను ముందు గడువున్న పనికి ఇవ్వు’ అనే నియమంతో ఏం జరుగుతుంది?

చిన్న పనుల గడువు ముందుంది కాబట్టి రెండు ప్రాసెసర్లనూ అవే తీసుకుంటాయి. పెద్ద పని 2వ మిల్లీసెకను దగ్గర మొదలై, ఎవరూ ఆటంకపరచకపోయినా 12వ మిల్లీసెకనుకు గాని పూర్తి కాదు. గడువు 11. తప్పిపోయింది. మొత్తం భారం రెండు ప్రాసెసర్ల శక్తిలో మూడింట రెండు వంతులు కూడా లేదు, అయినా గడువు తప్పింది. అదే పెద్ద పనికి ఒక ప్రాసెసర్‌ను కేటాయించి, చిన్నవి రెండింటినీ రెండో దాని మీద ఉంచితే ఎవరి గడువూ తప్పదు. రెండో ప్రాసెసర్ సగానికి పైగా సమయం ఖాళీగా ఉంటుంది. ఉండనివ్వండి. ఇష్టమొచ్చిన పనిని ఇష్టమొచ్చిన ప్రాసెసర్ మీదికి పంపే స్వేచ్ఛను వదులుకుంటేనే ఇక్కడ హామీ దొరికింది.

5.6 ఇంజిన్ నుంచి బల్ల మీది బోర్డు వరకు

చిప్‌లు చౌకైన కొద్దీ రెండో దారి ఎంబెడెడ్ వ్యవస్థల్లోకి తిరిగి వచ్చింది. కారు ఇంజిన్‌ను తీసుకుందాం. నిమిషానికి 6000 సార్లు తిరిగే ఇంజిన్ ఒక చుట్టు 10 మిల్లీసెకన్లలో తిరుగుతుంది. ఒక డిగ్రీ తిరగడానికి దాదాపు 28 మైక్రోసెకన్లు పడుతుంది. స్పార్క్ ఏ డిగ్రీ దగ్గర వేయాలో ఆ డిగ్రీ దగ్గరే పడాలి. ఇంటరప్ట్ అందుకోవడంలో 50 మైక్రోసెకన్లు అటూ ఇటూ అయితే స్పార్క్ దాదాపు రెండు డిగ్రీలు పక్కకు జరుగుతుంది. 1980ల చివర మోటరోలా తెచ్చిన 68332 చిప్‌లో ప్రధాన ప్రాసెసర్ పక్కనే టైమ్ ప్రాసెసింగ్ యూనిట్ అనే చిన్న ప్రాసెసర్ ఉంది. 16 చానెళ్ల మీద సంకేతాల సమయాన్ని కొలవడం, సరైన సమయానికి సంకేతం పంపడం దాని పని. ఏ డిగ్రీ అన్నది ప్రధాన ప్రాసెసర్ తీరిగ్గా లెక్కకడుతుంది. క్షణం వచ్చినప్పుడు మీట నొక్కేది మాత్రం ఈ చిన్న ప్రాసెసర్.

2006లో పారలాక్స్ సంస్థ విడుదల చేసిన ప్రొపెల్లర్ అనే చిప్‌లో ఎనిమిది చిన్న ప్రాసెసర్లున్నాయి. విశేషమేమిటంటే అందులో ఇంటరప్ట్‌లే లేవు. ఒక సంఘటన కోసం ఎదురుచూడాలంటే ఒక ప్రాసెసర్‌ను దానికే అప్పగించి కూర్చోబెట్టాలి. ఉమ్మడి మెమరీ ప్రతి ప్రాసెసర్‌కూ 16 క్లాక్ చక్రాలకు ఒకసారి వంతు ప్రకారం అందుతుంది. సీడీసీ 6600 గిలకను చూసిన వారికి ఇది కొత్తగా అనిపించదు. డైక్‌స్ట్రా చూసి ఉంటే సంతోషించేవారేమో.

బీగల్‌బోన్ బోర్డు మీది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లో లినక్స్ నడిచే ఏఆర్ఎం ప్రాసెసర్‌తో పాటు 200 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే రెండు చిన్న ప్రాసెసర్లు ఉంటాయి. సాధారణ ఆదేశం ప్రతి ఒక్కటీ 5 నానోసెకన్లు, ఎప్పుడూ అంతే. ఈ చిన్న ప్రాసెసర్లకు క్యాష్ లేకపోవడమే ఈ కచ్చితత్వానికి ముఖ్య కారణం. యంత్ర పరికరాల మోటార్లను అడుగడుగునా నడిపే సంకేతాలను వీటికి అప్పగించిన వారున్నారు. 2021లో 4 డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెరీ పై పికో బోర్డు మీద రెండు కోర్‌లు, వాటికి తోడు బయటి కాళ్ల మీది సంకేతాలను మాత్రమే చూసుకునే ఎనిమిది బుల్లి యంత్రాలు ఉన్నాయి. క్రే నాడు గది నిండా పెట్టిన ఏర్పాటు ఇప్పుడు విద్యార్థి జేబులో పడుతుంది.

5.7 బహుళ కోర్‌లు, మిగిలిపోయిన పంపకం

2005 నాటికి ప్రాసెసర్ వేగాన్ని పెంచడం వేడి కారణంగా కష్టమైంది. ఇంటెల్, ఏఎండీ రెండూ ఒకే చిప్ మీద రెండు కోర్‌లు పెట్టాయి. కొన్నేళ్లకు ఎంబెడెడ్ చిప్‌లదీ అదే దారి. దాంతో లినక్స్ వంటి సాధారణ ఆపరేటింగ్ సిస్టమ్‌ను గడువులున్న పనులకు వాడుకోవాలనే పాత కోరికకు కొత్త మార్గం దొరికింది.

అంతకు ముందు 1990ల్లో విక్టర్ యోడైకెన్ బృందం ఆర్‌టీలినక్స్ అనే వ్యవస్థలో లినక్స్‌నే అతి తక్కువ ప్రాధాన్యత గల ఒక పనిగా మార్చి, దాని కింద చిన్న రియల్ టైమ్ కెర్నెల్‌ను పెట్టింది. మరో బృందం లినక్స్ కెర్నెల్‌ను లోపలి నుంచే మార్చి, ఎక్కడైనా ఆపగలిగేలా చేయడానికి దాదాపు ఇరవై ఏళ్లు శ్రమించింది. ప్రీఎంప్ట్ ఆర్‌టీ అనే ఆ పని 2024లో లినక్స్ 6.12తో ప్రధాన కెర్నెల్‌లో భాగమైంది. ఇవి రెండూ పంచుకోవడాన్ని మెరుగుపరిచే ప్రయత్నాలు. కోర్‌ను కేటాయించడం పంచుకోవడాన్నే మానుకునే ప్రయత్నం.

ఆచరణలో అది ఒక్క ఆదేశంతో అయ్యేది కాదు. ఒక కోర్ మీదికి సాధారణ పనులను పంపవద్దని కెర్నెల్‌కు చెప్పాలి. పరికరాల ఇంటరప్ట్‌లను ఇతర కోర్‌ల వైపు మళ్లించాలి. కెర్నెల్ సొంత పనులను కూడా అక్కడి నుంచి తరలించాలి. ఇవన్నీ చేశాక కూడా సెకనుకు వందల సార్లు గడియారం తట్టి లేపుతూనే ఉంటుంది. కోర్ మీద ఒకే పని ఉన్నప్పుడు దాన్ని దాదాపుగా ఆపే సౌకర్యం 2013లో లినక్స్ 3.10తో గాని రాలేదు. ఇల్లు ఖాళీ చేయించడం కంటే కోర్ ఖాళీ చేయించడం కష్టమని ఈ పని చేసినవారు అంటే నమ్మవచ్చు.

ఇంత చేసినా అపోలో నాటి చిక్కు మరో రూపంలో మిగిలే ఉంది. కోర్‌లు వేరైనా, చాలా చిప్‌లలో చివరి స్థాయి క్యాష్, మెమరీకి వెళ్లే దారి ఉమ్మడివి. పక్క కోర్ పెద్ద వీడియోను చదువుతుంటే, మన కోర్ క్యాష్‌లో దాచుకున్నది తొలగిపోవచ్చు. మెమరీ దగ్గర వరుసలో నిలబడవలసి రావచ్చు. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారకుండానే దాని సమయం మారుతుంది. గేట్‌మాన్‌ను ప్రత్యేకంగా పెట్టి, అతడి తాళం చెవిని మాత్రం స్టేషన్ అంతటికీ ఉమ్మడిగా ఉంచినట్టు.

విమానరంగం ఈ విషయంలో అన్ని రంగాలకంటే కఠినంగా ఉంది. వివిధ దేశాల విమాన ధ్రువీకరణ అధికారుల బృందం 2016లో కాస్ట్ 32ఏ అనే పత్రాన్ని విడుదల చేసింది. బహుళ కోర్ చిప్‌ను విమానంలో వాడదలచిన వారు, కోర్‌ల మధ్య ఇలాంటి పరస్పర ఆటంకం ఏయే దారుల్లో రాగలదో గుర్తించి, దాన్ని అదుపులో పెట్టినట్టు నిరూపించాలని ఆ పత్రం కోరింది. చిప్ లోపలి నిర్మాణాన్ని తయారీదారు పూర్తిగా వెల్లడించని చోట ఆ నిరూపణ చాలా కష్టం. అందుకే కొందరు తయారీదారులు బహుళ కోర్ చిప్ కొని, ఒక్క కోర్‌ను మాత్రమే ఉంచి, మిగిలినవాటిని శాశ్వతంగా ఆపివేసి విమానం ఎక్కించారు.